ఎడమ ముందు తలుపు

మొన్న రేపల్లె పాసింజరు తెనాలి చేరేసరికి బాపట్ల వెళ్ళే బండి దాటిపోయింది. మా మేనత్త మనవరాలి ప్రధానం. పాస్టరుగారు వేళకే వచ్చేస్తారని మరీ మరీ చెప్పి పంపారు. చేసేది లేక స్టేషను బయట ఒక కారు మాట్లాడుకున్నాను. ఎక్కి కూర్చుని, తలుపును నెమ్మదిగా దగ్గరికి తెచ్చి, చివరి జానెడు మాత్రం అరచేత్తో నెట్టాను. టక్కుమని పడింది. డ్రైవరు అద్దంలోంచి నా వంక చూశాడు.

"తలుపుల మేస్త్రీ గారు తెలుసాండీ మీకు?" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. "నీకెలా తెలిసింది నాయనా?"

"తలుపు ఇట్టా వేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నా ఆయన చేత తిట్లు తిన్నోళ్ళేనండి. మిగతావాళ్ళంతా ధడేలున బాదుతారు." బండి కదిలించి మళ్ళీ అన్నాడు. "పోయారండీ. పోయిన నెల్లో. నిద్దట్లోనే పోయారంట."

బండి కాలవ వంతెన దాటుతోంది. కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే మాట పెగల్లేదు. ముందు నాకు కనిపించింది ఆయన ముఖం కాదు, ఆయన ఎడమ భుజం.

ఆ భుజం కుడిదానికంటే బాగా కిందికి ఉండేది. ఏళ్ళ తరబడి కారు తలుపులు ఒకే పక్క ఎత్తి పట్టుకోవడం వల్ల అలా వాలిపోయిందని ఆయన చెప్పేవారు. పుట్టుకతోనే అంతేనని ఎదురు షెడ్డులో రంగులు వేసేవాళ్ళు చెప్పేవారు. "ముందు ఈయన మడతబందులు బిగించాలి" అని మావారు ఒకసారి నా చెవిలో అంటే, అది కాస్తా ఆయన చెవిన పడింది.

"నావి బిగించేవాడు పైనున్నాడు తమ్ముడూ. ఆ షెడ్డుకి పోయినప్పుడు ఆయనే చూసుకుంటాడు. నువ్వు బండి కొంచెం వెనక్కి తియ్యి" అన్నారు.

మావారు కారు తోలేవారు. ఒక రైసుమిల్లు యజమాని దగ్గర కొన్న పాత నల్ల కారు, కిరాయిలకి తిప్పేవారు. రేపల్లెలో మా ఇంటి ముందే ఉండేది. పెళ్ళివారిని, పురిటికి వెళ్ళే ఆడపిల్లల్ని, తెనాలి ఆసుపత్రులకి పోయే పెద్దవాళ్ళని ఎక్కించుకుని పొద్దున్నే బయలుదేరేవారు. ఆ కారుకి ఎడమ ముందు తలుపు వాలడం మొదలుపెట్టిన ఏడాదే మాకు మేస్త్రీ గారి పరిచయం. ఎనభైల చివర్లో మాట.

తెనాలిలో కాలవ గట్టు దిగాక రేకుల షెడ్డు ఆయనది. తలుపులు తప్ప ఇంకో పని ముట్టుకునేవారు కాదు. ఎవరైనా ఇంజను సంగతి అడిగితే పరాయి వాళ్ళ ఇంటి గొడవ అడిగినట్టు ముఖం పెట్టేవారు. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. వెల్డింగు మంట దగ్గర బీడీ ఏంటని మానేసి, దాని బదులు లవంగం పెట్టుకున్నానని చెప్పేవారు. గొప్పలు కూడా బాగానే చెప్పేవారు. "గుంటూరు నుంచి వస్తారమ్మా నా కోసం. గుంటూర్లో తలుపులు లేకనా?" అనేవారు.

షెడ్డు ముందు బండి ఆగితే రండి అనడం, కూర్చోండి అనడం లేదు. తల కూడా ఎత్తకుండా "ఏ తలుపు?" అని అడిగేవారు. అంతే, ఇక జన్మంతా మీరు ఆ తలుపే. పేర్లు ఆయన అడగరు, చెప్పినా గుర్తుపెట్టుకోరు. చుండూరు వెనక తలుపు, నగరం కుడి ముందు తలుపు, ఇలాగే ఊరి పేరుతో ఉండేవి పిలుపులు. ఒక పెద్దమనిషిని, తెల్ల పంచె, పైమీద కండువా, "ఏవండీ కొలకలూరు డిక్కీ" అని కేకేయడం నేను చెవులారా విన్నాను. ఆయన "ఆఁ" అని పలికాడు కూడా. మావారు ఆయనకి "రేపల్లె ఎడమ తమ్ముడు". నేను "ముందుతలుపమ్మ".

తలుపు కీళ్ళు విప్పే ముందు దాని కిందకి ఏదో ఒకటి ఆసరా పెట్టాలి కదా. అందరూ జాకీ పెడతారు. ఈయన ఊక బస్తా పెట్టేవారు. ధాన్యం మిల్లు నుంచి తెచ్చిన ఊకని గోనెసంచిలో వదులుగా నింపి, తలుపుని దాని మీద ఆనించి, అరచేత్తో ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి తట్టుకుంటూ ఎత్తు సరిచేసుకునేవారు. పాలు తాగిన బిడ్డని జోకొడుతున్నట్టే ఉండేది చూడటానికి.

"జాకీకి తొందరమ్మా. ఎత్తితే ఎత్తుద్ది, లేదంటే దిగుద్ది. ఊక అట్టా కాదు, మనం చెప్పింది వినిద్ది" అనేవారు.

కీళ్ళు బిగించాక తాటాకు ముక్క తీసేవారు. చెవి మీద పెన్సిలు పెట్టుకున్నట్టు ఎప్పుడూ ఒకటి పెట్టుకుని ఉండేవారు. తలుపు మూసి, దానికీ కారు ఒంటికీ మధ్య ఉన్న సందులో ఆ తాటాకు పెట్టి, పైనుంచి కింద దాకా లాగేవారు. ఎక్కడా పట్టుకోకుండా, ఎక్కడా వదులుగా పడిపోకుండా రావాలి. పట్టుకుంటే ముఖం చిట్లించి, "ఏవమ్మా, ఏంటి నీ బాధ?" అని తలుపునే అడిగేవారు.

ఎవరైనా తలుపు గట్టిగా వేశారా, అయిపోయారే. "నువ్వు తలుపేసిన సంగతి నీకు తెలిస్తే చాలు, వూరందరికీ ఎందుకయ్యా?" అని ఆ కారు మలుపు తిరిగేదాకా కేకలేసేవారు.

మొదటిసారి మా కారు చూసినప్పుడు మావారిని నిలబెట్టి అడిగారు. "గేదెని గుద్దావా, గేటుని గుద్దావా?"

"దేన్నీ గుద్దలేదు మేస్త్రీ గారూ."

"మరి ఊరికే వాలిద్దా? ఏం తమ్ముడూ, పక్కన ఇంటామె ఉందని చెప్పటంలా?"

మావారు నా వంక చూశారు. నిజంగానే దేన్నీ గుద్దలేదని నేనూ సాక్ష్యం చెప్పాను. మేస్త్రీ గారు నమ్మలేదు. అరిగిపోయిన పిన్నులు తీసి కొత్తవి వేసి, తాటాకు లాగి చూసి, "ఇంక నీ మనవడు కూడా ఇదే తలుపు తీసుకుని ఎక్కుతాడు" అని పంపించారు.

ఆ వానలు వెనకబట్టకుండానే తలుపు మళ్ళీ వాలింది. వేసేటప్పుడు కింద చెయ్యి పెట్టి ఎత్తితే తప్ప పడేది కాదు. దానికి కారణం ఏంటో మా ఇంట్లో అందరం రోజూ కళ్ళారా చూస్తూనే ఉన్నాం. అయినా ఒక్కరికీ తట్టలేదు.

కారణం మా నాన్నగారు.

నాన్నగారి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆయన బాపట్లలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. బడిలో సుద్దముక్కల దుమ్ముకి ఊపిరాడక పడిపోయేదాన్ని. వందమంది పిల్లలకి పగలంతా చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఒక్కదాని కోసం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. దుమ్ము లేకుండా పలక మీద తడిబట్ట పెట్టి తుడిచేవారు. ఈ రాసే అక్షరాలన్నీ ఆయన పెట్టిన భిక్షే. అమ్మ పోయాక మా దగ్గరికి రేపల్లె వచ్చేశారు. అప్పటికే ఒకసారి పక్షవాతం తగిలి ఎడమ కాలు కొంచెం ఈడ్చేవారు. మనిషి భారీ.

పొద్దున్నే మావారు కారు స్టార్ట్ చేయగానే నాన్నగారు వీధిలోకి వచ్చేవారు. మా గడప వైపుండేది ఎడమ ముందు తలుపు. దాన్ని బార్లా తెరిచి, పై అంచు మీద రెండు చేతులూ మడిచి పెట్టి, వాటి మధ్య నుదురు ఆనించి ప్రార్థన మొదలుపెట్టేవారు. ప్రయాణం మంచిగా జరగాలని రెండు ముక్కల్లో ముగించే మనిషి కాదు. రోడ్డుకి అడ్డం వచ్చే గేదెల కోసం, వాటిని తోలేవాళ్ళ కోసం, ఎదురొచ్చే లారీ డ్రైవర్లకి నిద్ర ముంచుకు రాకుండా ఉండటం కోసం, వంతెనలు కట్టిన కూలీల కోసం, ఆ రోజు కారు ఎక్కబోయే ముక్కూ మొహం తెలియని వాళ్ళందరి కోసం ప్రార్థించేవారు. మావారు స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేవారు. "మావయ్యగారి ఆమెన్ అయ్యేలోపు పక్కూరు నగరం వెళ్ళి రావచ్చు" అని నాతో విసుక్కునేవారు. కానీ ఒక్కరోజు కూడా మధ్యలో బండి కదిలించలేదు. అందుకు ఆయనకి నేనెప్పుడూ రుణపడే ఉంటాను.

ఒకరోజు లారీ డ్రైవర్ల దగ్గరికి వచ్చేసరికి పటుక్కున శబ్దమైంది. పై మడతబందు విరిగింది. కింది బందు మెలిక తిరిగి, తలుపూ నాన్నగారూ కలిసి వీధిలో పడ్డారు. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతకు మించి దెబ్బ తగల్లేదు, దేవుని దయ. కానీ ఎదురింటి కిరాణా కొట్టాయన పరిగెత్తుకొచ్చి లేవదీస్తూనే నోరు జారాడు.

"ఏం ప్రార్థనండీ మాస్టారూ, బరువుకి కారే కూలిపోయింది!"

మనిషి చెడ్డవాడు కాదు. నవ్వించబోయాడు. సాయంత్రానికి ఆ మాట బజారంతా తిరిగింది. కూరలమ్మి కూడా "మాస్టారు ప్రార్థన చేస్తే కారు ఊడిందంట కదమ్మా" అని అడిగింది. నాన్నగారు విని నవ్వారు. అందరితో పాటే నవ్వారు.

కానీ మర్నాటి నుంచి వీధిలోకి రాలేదు. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, "వెళ్ళిరండమ్మా, నేనిక్కణ్ణుంచే అనుకుంటాలే" అనేవారు. తలుపుని తాడుతో కట్టుకుని మావారు వెనక తలుపుల్లోంచే అందర్నీ ఎక్కించేవారు. ఆదివారం ఆరాధనకి రమ్మంటే, "ఎక్కాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి గదా. దాన్నెట్టా నమ్మను?" అన్నారు. పెదవులు కదిలేవి గానీ ఆయన గొంతు ఇంట్లో వినపడటం మానేసింది.

ఆ వారంలోనే బాపట్ల నుంచి కబురొచ్చింది. నాన్నగారికి తోబుట్టువంటూ ఉన్నది ఒక్క అక్కే. మా మేనత్త. తల్లి లేని ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. మంచాన పడింది. కళ్ళు తెరిచినప్పుడల్లా "తమ్ముడేడి?" అంటోందట. నాన్నగారు కబురు విని గోడవైపు తిరిగారు.

"రేపు చూద్దాం" అన్నారు.

రేపు కూడా అదే మాట. ఆ తర్వాతా అదే మాట. ఆమె పోయేలోపు ఈయన కుర్చీలోంచి లేస్తారా అన్నదే నా దిగులు. ఎత్తుకుని తీసుకెళ్ళే మనిషి కాదు. ఆయనంతట ఆయన లేవాలి.

మావారు, నేను తెనాలి బయలుదేరాం. మేస్త్రీ గారు తాడు కట్టిన తలుపు చూసి లవంగం ఉమ్మేశారు.

"నేను చేసిన తలుపుకి తాడా?"

విప్పి చూశారు. విరిగిన బందుని అటూ ఇటూ తిప్పారు. ఈసారి గేదె అనలేదు, గేటు అనలేదు. తలుపు చుట్టూ తిరిగి, పై అంచు దగ్గర ఆగారు. అక్కడ రెండుచోట్ల రంగు నున్నగా అరిగిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది. ఆ మధ్యలో వేలుతో రుద్ది వాసన చూశారు.

"కొబ్బరి నూనె" అన్నారు. "చెల్లెమ్మా, ఎవరో దీని మీద తల పెట్టి పడుకుంటున్నారు."

మావారూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పుడు తట్టింది ఇద్దరికీ. సంగతంతా చెప్పాను. లారీ డ్రైవర్లు, గేదెలు, వంతెనలు, అన్నీ. మేస్త్రీ గారు మొదట పడీపడీ నవ్వారు. షెడ్డులో ఉన్న డబ్బా మీద కూర్చుని, వాలిన భుజం పట్టుకుని నవ్వారు. "నేను తమ్ముణ్ణి గేదెని గుద్దావని తిట్టానే! ఆ పెద్దాయన గేదెల కోసం దణ్ణం పెడుతున్నాడా!" అని మళ్ళీ నవ్వారు.

"ఇప్పుడు పెట్టట్లేదండి" అన్నాను. పడిపోయిన సంగతీ, కుర్చీ సంగతీ, బాపట్లలో మేనత్త సంగతీ చెప్పాను.

నవ్వు ఆగిపోయింది. విరిగిన బందుని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"నా తలుపు మనిషిని కింద పడేసిందా?"

"మీ తప్పేముందండి" అన్నారు మావారు.

"నా తప్పు కాకపోతే ఎవడి తప్పు? తీసేదీ వేసేదీ చూసుకున్నా గానీ, తలుపన్నాక ఆనుకునేవాళ్ళుంటారని చూసుకోలా. మీరు పోయి సాయంత్రం రండి."

సాయంత్రం వెళితే ఇంకా అయిపోలేదు. ఒక పాడైపోయిన లారీ తలుపు నుంచి ఊడదీసిన లావుపాటి మడతబందులు తెచ్చి, అరగదీసి, మా తలుపుకి సరిపెట్టారు. లోపల ఇత్తడి బుష్షులు, ఉక్కు పిన్నులు వేశారు. బందు పట్టే చోట కారు ఒంటికి లోపలి నుంచి ఇనుప పలక వెల్డింగు చేశారు. ఊక బస్తా తట్టి తట్టి అరచేతులు ఎర్రబడ్డాయి. తాటాకు ఒకసారి పట్టుకుంది, రెండోసారి పట్టుకుంది. ఆఖరికి జారింది. అప్పుడు తలుపు బార్లా తెరిచి, పై అంచు మీద రెండు చేతులూ వేసి, కాళ్ళు పైకి మడిచి వేలాడారు. గబ్బిలంలా ఉన్నారు. తలుపు కదల్లేదు.

"తమ్ముడూ, నువ్వూ వేలాడు."

మావారు సిగ్గుపడుతూనే వేలాడారు. ఎదురు షెడ్డు వాళ్ళు ఈలలు వేశారు.

"మీ ఇద్దర్నీ కలిపినా మా నాన్నగారంత ఉండరండి" అన్నాను.

"అయితే పరీక్ష కానట్టే" అన్నారు మేస్త్రీ గారు. "పెద్దాయన్ని తీసుకురండి."

"రారండి. వచ్చేవారైతే ఈ దిగులే లేదుగా."

ఆయన తాటాకు ముక్కని చెవి మీద పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న నేను వాకిలి ఊడుస్తుంటే మేస్త్రీ గారు మా వీధిలో నడిచి వస్తున్నారు. మొదటి పాసింజరుకి వచ్చేశారన్నమాట. ఉతికిన చొక్కా, చెవి మీద తాటాకు. మా ఇల్లు ఏదో ఎవరినీ అడగలేదట, తన తలుపుని చూసి గుర్తుపట్టానన్నారు. వసారా మెట్టు దగ్గర నిలబడి నాన్నగారికి నమస్కారం పెట్టారు.

"మాస్టారూ, నేను తలుపులు చేసేవాణ్ణండి. మిమ్మల్ని పడేసింది నేనే."

నాన్నగారు కంగారుగా లేవబోయారు. "అయ్యో, అదేం మాట నాయనా. కూర్చో. అమ్మాయ్, కాఫీ పట్రా."

"కాఫీ తర్వాతండి. ఒక్కసారి వీధిలోకొచ్చి ఆనుకోండి. చూసుకుని పోతా."

"నాకెందుకు నాయనా ఇంక. ఇక్కడ కూర్చునే ప్రార్థన చేసుకుంటున్నా. ఇక్కణ్ణుంచి దేవుడికి వినపడదా?"

"దేవుడికి వినపడుద్దండి. నా తలుపుకెట్టా వినపడుద్ది?" అన్నారు మేస్త్రీ గారు. "మీ కోసం కాదండి, నా కోసం రండి. బరువు పడకుండా తలుపు సంగతి తెలీదు. నేను చూస్తే ఇంత, మీ అల్లుడు చూస్తే అంత. తెనాలిలో మీ సరుకు లేదు, అందుకని రైలెక్కి వచ్చా."

నాన్నగారు నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను. అందరితో కలిసి నవ్విన నవ్వు కాదు, ఆయన సొంత నవ్వు. కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. నేను పట్టుకోబోతే మేస్త్రీ గారు కళ్ళతోనే వద్దన్నారు.

ఎదురింటి కొట్టాయన తలుపు చెక్కలు తీస్తూ చూశాడు. ఆయన అలవాటు ఊరుకోదు కదా. "మాస్టారూ, ఈసారి కాస్త చిన్న ప్రార్థన చెయ్యండి!" అన్నాడు.

నాన్నగారి కాలు అక్కడే ఆగింది. మేస్త్రీ గారు అటు తిరిగి, "పెద్దదే కావాలి నాకు! ఏం, నీ కొట్టు తలుపులేమైనా ఆనుకోమంటావా? చూస్తే అయ్యీ వాలే ఉన్నయ్యి!" అని అరిచారు. కొట్టాయన తన తలుపు వైపు చూసుకున్నాడు. వీధిలో నలుగురూ నవ్వారు. నాన్నగారి కాలు కదిలింది.

తలుపు తెరిచి, పై అంచు మీద వేళ్ళ కొసలు మాత్రం పెట్టారు.

"అట్టా కాదండి. ఎప్పుడూ ఎట్టా ఆనుకుంటారో అట్టా."

చేతులు పెట్టారు. మోచేతులు పెట్టారు. ఆఖరికి నుదురు ఆనించారు. మేస్త్రీ గారు తలుపు మూలన గొంతుక్కూర్చుని, కింది మడతబందు సందులో తాటాకు పెట్టి, దాని మీదే చూపు నిలిపారు. నాన్నగారు మొదలుపెట్టారు. మొదట గొంతు సన్నగా వచ్చింది. గేదెల దగ్గరికి వచ్చేసరికి పెరిగింది. లారీ డ్రైవర్ల దగ్గర, అదే పోయినసారి తలుపు విరిగిన చోట, ఒక్క క్షణం ఆగిపోయారు.

"ఆపకండి! లోడు మీదుంది!" అన్నారు కింద నుంచి మేస్త్రీ గారు.

స్టీరింగు దగ్గర మావారు నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నారు. నాన్నగారు లారీ డ్రైవర్లని దాటారు. వంతెనలు దాటారు. బాపట్లలో అక్క దగ్గరికి వచ్చారు. అక్కడ ఆయన బరువంతా తలుపు మీద వేశారని నాకు తెలుస్తూనే ఉంది. భుజాలు కదులుతున్నాయి. తలుపు కదల్లేదు. తర్వాత కళ్ళు తెరవకుండానే అడిగారు.

"నాయనా, నీ పేరేంటి?"

"పేరెందుకండి?"

"నీ కోసం ప్రార్థన చెయ్యాలిగా."

మేస్త్రీ గారు తాటాకు మీంచి చూపు తిప్పలేదు. "తలుపులాయన అనండి. ఆయనకి తెలిసిద్దిలే."

నాన్నగారు అలాగే అన్నారు. "ఈ తలుపులాయన్ని, ఈయన చేతుల్ని, ఈయన భుజాన్ని" అంటూ చెప్పుకుపోయారు. భుజం సంగతి ఆయన ఎప్పుడు చూశారో! ఆమెన్ అనగానే మేస్త్రీ గారు తాటాకు బయటికి లాగి వెలుతురుకి పెట్టి చూశారు. ఎక్కడా నలగలేదు. దాన్ని నాన్నగారి చేతిలో పెట్టారు, బడిలో పిల్లాడు లెక్క చేసి చూపించినట్టు.

నాన్నగారు దాన్ని చూసి, తెరిచి ఉన్న తలుపుని చూసి, దాన్నే పట్టుకుని కార్లో కూర్చున్నారు.

"పద అబ్బాయ్. అక్కయ్య దగ్గరికి పోదాం" అన్నారు మావారితో.

కాఫీ కూడా పొయ్యి మీదే ఉండిపోయింది. నేను చెప్పులు వేసుకుని వెనక సీట్లోకి పరిగెత్తాను. మేస్త్రీ గారు ఎడమ ముందు తలుపుని నెమ్మదిగా దగ్గరికి తెచ్చి, ఒక్క వేలితో నెట్టారు. టక్కుమంది. స్టేషను దాకా దింపుతామన్నా ఎక్కలేదు. "నేను తలుపులు వేసేవాణ్ణి గానీ ఎక్కేవాణ్ణి కాదు" అని నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజు బాపట్లలో నాన్నగారు సాయంత్రం దాకా మేనత్త మంచం పక్కనే కూర్చున్నారు. ఆమె ఆయన తల నిమిరి, "ఎంత నూనె పెట్టుకుంటావురా" అంది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. కానీ "తమ్ముడేడి" అని మళ్ళీ అడగాల్సిన అవసరం ఆమెకి రాలేదు. అందుకు దేవుణ్ణి స్తుతించని రోజు లేదు. ఆ స్తుతిలో తలుపులాయన పేరు, అదే పేరు, వస్తూనే ఉంటుంది.

తర్వాత తెనాలి వెళ్ళినప్పుడల్లా షెడ్డు ముందు ఆగేవాళ్ళం. ఏ పనీ ఉండేది కాదు. "ఏ తలుపు?" అనేవారు అలవాటుగా, తర్వాత తలెత్తి చూసి, "ముందుతలుపమ్మా, పెద్దాయన ఆనుకుంటున్నారా?" అని అడిగేవారు. ఆనుకుంటున్నారని చెబితే, "గట్టిగానే?" అనేవారు. గట్టిగానే అంటే తృప్తిగా లవంగం అటు నుంచి ఇటు మార్చుకునేవారు.

నాన్నగారు పోయాక వెళ్ళినప్పుడు కూడా అదే అడిగారు. మావారు చెప్పారు. మేస్త్రీ గారు లేచి కారు దగ్గరికి వచ్చి ఎడమ ముందు తలుపు తెరిచారు. పై అంచు మీద రంగు మళ్ళీ నున్నగా అరిగిపోయి ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. తర్వాత తాటాకు తీసి సందులో లాగారు. జారింది.

"ఇంకా ఉంది కదమ్మా. ఊరికే ఉంచకండి. ఎవరో ఒకరు ఆనుకోండి" అన్నారు.

మర్నాటి నుంచి స్టీరింగు ఎక్కే ముందు మావారు అటు తిరిగి వచ్చి ఆ తలుపు దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన రెండు ముక్కలే. గేదెలు మాత్రం తప్పక ఉండేవి. చూపు తగ్గి ఆయన తోలడం మానేసి, కారు అమ్మేసేదాకా అది ఆగలేదు. కొన్నవాళ్ళకి మావారు చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "అన్నిటికంటే గట్టిది ఆ ఎడమ ముందు తలుపండి. మిగతావి చూసుకోండి."

మొన్న ఈ తలపోతల్లోనే బాపట్ల వచ్చేసింది. పెళ్ళివారి వాకిట్లో దిగాను. డ్రైవరు డిక్కీలోంచి పండ్ల బుట్ట తీసి ఇస్తూ అన్నాడు.

"అన్నట్టు మేస్త్రీ గారి పేరు తెలుసాండీ మీకు? ఊళ్ళో ఎవరికీ తెలీదు. పోయాక వాళ్ళబ్బాయి చెప్పాడు. ఆయన పేరు..."

"వద్దు నాయనా" అన్నాను.

అతను వింతగా చూశాడు. ఏమని చెప్పను? ఇన్నేళ్ళుగా ఒక పేరుతో చెప్పుకుంటున్నాను. అది చేరాల్సిన చోటికి చేరుతూనే ఉంది. ఇప్పుడు కొత్త పేరు చెబితే నాకే ఎవరి కోసమో అడుగుతున్నట్టు ఉంటుంది. బుట్ట కింద పెట్టి, కళ్ళు మూసుకున్నాను. దారిలో రాని మాటలు ఇప్పుడు వచ్చాయి. తలుపులాయన్ని, ఆ చేతుల్ని, పై షెడ్డులో ఈపాటికి సరిచేసి ఉండే ఆ భుజాన్ని తలుచుకున్నాను.

"అమ్మా" అన్నాడు డ్రైవరు మొహమాటపడుతూ. "తలుపు మీద బరువెయ్యకండమ్మా. సాగిద్ది."

కళ్ళు తెరిచి చూసుకున్నాను. రెండు మోచేతులూ తెరిచిన తలుపు మీద ఉన్నాయి. నుదురు కూడా ఆనించే ఉన్నాను.

"తప్పే నాయనా" అని చేతులు తీసేశాను. ఇది ఆయన చేసిన తలుపు కాదు.